కోడి ముందా, గుడ్డు ముందా? ఒక రోగి అడిగిన రెండు ప్రశ్నలు

విమానాశ్రయం రాకముందు శంషాబాద్‌లో నేను ఒక చిన్న క్లినిక్ నడిపేవాణ్ణి. బెంగళూరు రహదారి వెంబడి కొత్తూరు, షాద్‌నగర్ వైపు వెళ్తుంటే అప్పట్లో పొలాల మధ్య కోళ్ళఫారాల పొడవాటి షెడ్లు కనిపించేవి. గాలి అటునుంచి వీచిన రోజున కిటికీలు మూసుకోవలసి వచ్చేది. నా రోగులలో చాలామంది ఆ షెడ్లలో మేత వేసేవారు, గుడ్లు ఏరేవారు, రాత్రి కాపలా కాసేవారు.

ఒక సాయంత్రం మందుల చీటీ రాస్తుండగా, యాభై దాటిన ఒక కాపలాదారు నవ్వుతూ అడిగాడు: “సారూ, మీరు పెద్ద సదువులు సదివిండ్రు గదా. కోడి ముందుగాల వచ్చిందా, గుడ్డు ముందుగాల వచ్చిందా?” తలెత్తకుండానే “గుడ్డే” అన్నాను. “మరి ఆ గుడ్డును ఎవరు పెట్టిండ్రు?” అన్నాడాయన. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు. నవ్వి పంపించివేశాను.

కొన్ని నెలల తరువాత అదే మనిషి కాలి మీద పుండుతో వచ్చాడు. ఎక్కడెక్కడో రెండు రకాల యాంటీబయాటిక్‌లు వాడినా తగ్గలేదు. “ఒళ్ళు మందుకు అలవాటు పడ్డట్టుంది సారూ” అన్నాడు. “అలాగే ఉంది” అన్నాను. మొదటిసారి నేను చెప్పిన జవాబు ఒప్పే, కాని వివరించే ఓపిక చూపలేదు. రెండవసారి చెప్పినది తప్పు. ఆ రెండూ నిజానికి ఒకే ప్రశ్న అని నాకు తోచడానికి ప్రాక్టీసు మానేసే దాకా పట్టింది. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకోవడానికే.

ప్రశ్న చాలా పాతది. సుమారు పందొమ్మిది వందల ఏళ్ళ క్రితం గ్రీకు రచయిత ప్లూటార్క్ తన విందు సంభాషణల గ్రంథంలో దీనిపై జరిగిన వాదాన్ని నమోదు చేశాడు. సరళమైనదే ముందు, సంక్లిష్టమైనది తరువాత, కనుక గుడ్డే ముందని ఒకరు అంటారు. సంపూర్ణమైన దానినుంచే అసంపూర్ణమైనది పుట్టాలి, కనుక కోడే ముందని మరొకరు. చూడటానికి చిన్నదే అయినా ఇది సృష్టికి ఆది ఉందా లేదా అన్న పెద్ద చర్చను వెంట లాక్కొస్తుందని అక్కడే ఇంకొకరు హెచ్చరిస్తారు. మన దేశంలో తార్కికులు ఇదే చిక్కును విత్తనం, మొలకల రూపంలో చెప్పుకున్నారు. దాని పేరు బీజాంకుర న్యాయం. విత్తు లేనిదే మొలక లేదు, మొలక పెరిగి చెట్టు కానిదే విత్తు లేదు. కనుక ఆ వరుసకు మొదలే లేదు, అది అనాది అని తేల్చి, ఆ ఉపమానాన్ని కర్మ, సంసారాల చర్చలో వాడుకున్నారు.

గ్రీకులు వాదించినా, మనవారు అనాది అన్నా, ఇద్దరూ ఒక సంగతిని విచారణ లేకుండానే ఒప్పుకున్నారు. కోడి గుడ్డులోంచి ఎప్పుడూ అచ్చం అలాంటి కోడే వస్తుందని, మామిడి టెంక నుంచి అచ్చం అలాంటి మామిడే వస్తుందని. ఆ ఒప్పుకోలు సరైనదైతే ఈ చిక్కుకు నిజంగానే విడుపు లేదు. పరిణామవాదం చేసిన పని ప్రశ్నకు జవాబు చెప్పడం కాదు, ఆ ఒప్పుకోలును కొట్టివేయడం. పిల్ల తల్లిని పోలి ఉంటుంది గాని, తల్లికి నకలు కాదు. ప్రతి తరంలోనూ ఆవగింజంత తేడా ఉంటుంది. వేల తరాల తరువాత వెనక్కి తిరిగి చూస్తే ఆవగింజ కొండ అయి ఉంటుంది.

కోడి విషయంలో ఆ వెనక్కి చూడటాన్ని శాస్త్రీయంగా చేసిన తొలి వారిలో ముఖ్యుడు చార్లెస్ డార్విన్. పెంపుడు జంతువులలో, సాగు మొక్కలలో కనిపించే వైవిధ్యంపై 1868లో ఆయన వెలువరించిన రెండు సంపుటాల గ్రంథంలో ఒక పూర్తి అధ్యాయం కోళ్ళదే. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూసిన ఎడ్వర్డ్ బ్లైత్ ఇచ్చిన సమాచారం ఆయనకు ఎంతో ఉపకరించింది. ప్రపంచంలోని పెంపుడు కోళ్ళన్నింటికీ మూలం ఒక్కటే, అది ఆసియా ఎర్ర అడవికోడి అని డార్విన్ నిర్ణయించాడు. మన దక్షిణాపథంలో తిరిగే బూడిదరంగు అడవికోడిని కూడా ఆయన పరిశీలించాడు. దానికీ పెంపుడు కోళ్ళకూ పుట్టే సంకరాలు దాదాపు గొడ్డుపోతాయని విని పక్కన పెట్టేశాడు.

ఇక్కడ కథ మన గోదావరి ఒడ్డుకు వస్తుంది. ఎర్ర అడవికోడి హిమాలయ పాదాల నుంచి తూర్పు కనుమల మీదుగా, సాల వృక్షాలున్నంత మేర, ఇంచుమించు గోదావరి దాకా ఉంటుంది. బూడిదరంగు అడవికోడి అక్కడి నుంచి దక్షిణానికీ పడమటికీ ఉంటుంది. రెండు జాతుల ఎల్లలూ కలిసే చోట్లలో గోదావరి ప్రాంతం ఒకటి. 2008లో స్వీడన్ శాస్త్రజ్ఞుల బృందం పెంపుడు కోళ్ళ పసుపుపచ్చ చర్మానికి కారణమైన జన్యువును వెదికింది. మనం తినే ఆకుకూరల్లో, మొక్కజొన్నలో ఉండే కెరోటినాయిడ్ రంగులను విరగగొట్టే ఎంజైమ్ జన్యువది. చర్మంలో అది మందగిస్తే రంగు నిలిచిపోయి కాళ్ళు, చర్మం పచ్చబడతాయి. ఆ మందగించిన రూపం ఎర్ర అడవికోడిది కాదు, బూడిదరంగు అడవికోడిది అని తేలింది. డార్విన్ తొంభై పాళ్ళు ఒప్పే. కాని బజారులో మనం చూసే పచ్చకాళ్ళ కోడి ఒంట్లో, ఆయన తోసిపుచ్చిన మన దక్షిణాది పక్షి అంశ కూడా ఉంది.

పెంపకం ఎప్పుడు, ఎక్కడ మొదలైందన్నది కూడా ఈ మధ్యనే స్పష్టమవుతున్నది. మొహంజొదారో ఎముకలను బట్టి సింధు లోయలోనే కోడిని మచ్చిక చేశారని మా తరం చదువుకుంది. 2020లో వెలువడిన జన్యు అధ్యయనం ఆగ్నేయాసియా వైపు, అంటే ఉత్తర థాయిలాండ్, మయన్మార్, నైరుతి చైనా ప్రాంతపు అడవికోడి ఉపజాతి వైపు వేలు చూపింది. 2022లో పాత ఎముకలన్నింటినీ తిరిగి తూచి చూసిన పరిశోధకులు, నిస్సందేహంగా పెంపుడు కోడివే అనదగిన తొలి ఎముకలు మధ్య థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోటివని, వాటి కాలం క్రీ.పూ. 1650-1250 మధ్య అని నిర్ణయించారు. మెట్ట వరి సాగు వ్యాపించిన చోట గింజలు ఏరుకోవడానికి చెట్లు దిగివచ్చిన పక్షి మనిషి పంచన చేరిందని వారి అభిప్రాయం. అంటే మన ఎరుకలో ఉన్న కోడి వయస్సు మూడున్నర వేల ఏళ్ళు, మహా అయితే మరికొంచెం.

అయితే “తొలి కోడి” అని ఒకదానిని వేలెత్తి చూపగలమా? చూపలేము. ఒక పోలిక చెబుతాను. మూల ద్రావిడ భాష నుంచి తెలుగు పుట్టింది. మరి మొట్టమొదట తెలుగు మాట్లాడిన బిడ్డ ఎవరు? ఏ తల్లీ తన బిడ్డతో వేరే భాషలో మాట్లాడలేదు. ప్రతి తరమూ తన తల్లి భాషనే మాట్లాడుతున్నానని అనుకున్నది, ఆ మాట నిజం కూడా. అయినా చివరలు రెండూ పక్కపక్కన పెడితే అవి ఒకే భాష కావు. కోడి పుట్టుక కూడా అటువంటిదే. అడవికోడి పెట్టిన గుడ్డులోంచి ఒకనాడు ఊరకోడి తటాలున బయటపడలేదు. కాపలాదారు అడిగిన “ఎవరు పెట్టిండ్రు” అన్న ప్రశ్నకు నేను ఆనాడు చెప్పవలసిన జవాబు ఇది: దాదాపు కోడి అనదగిన పక్షి.

ఇక గుడ్డు సంగతి. కోడి వయస్సు వేలల్లో ఉంటే గుడ్డు వయస్సు కోట్లలో ఉంటుంది. చేపలు, కప్పలు నీటిలో పెట్టే మెత్తని గుడ్లను వదిలివేసి, నేల మీద పెట్టగల గుడ్డునే లెక్కలోకి తీసుకున్నా, దానికి ముప్పై ఒక్క కోట్ల సంవత్సరాలకు పైబడిన చరిత్ర ఉంది. ఆ గుడ్డు చేసిన ఘనకార్యం చెరువును తన లోపలే మోసుకుపోవడం. లోపల పిల్ల చుట్టూ ఒక పొర, దాని నిండా నీరు, ఆహారానికి సొనసంచి, వ్యర్థాలకు మరో సంచి, గాలి మార్పిడికి బయటి పొర. నీటి గట్టును వదలి జంతువులు మెట్ట ప్రాంతాలను ఆక్రమించగలిగింది దీని వల్లనే.

ఆ పొరలోని నీటిని మన ఇళ్ళలో ఉమ్మనీరు అంటారు. అవును, గర్భిణి విషయంలో చెప్పుకునే ఉమ్మనీరే. పేరు పోలిక కాదు, రెండింటి వంశమూ ఒక్కటే. నెల తప్పిన ఐదారు వారాలకు చేసే స్కాన్ రిపోర్టును ఈసారి శ్రద్ధగా చదవండి. అందులో “యోక్ శాక్” కనిపించిందని రాసి ఉంటుంది. యోక్ శాక్ అంటే సొనసంచి. మనిషి పిండానికి సొన అక్కరలేదు, తల్లి రక్తం నుంచి ఆహారం అందుతుంది. అయినా సంచి ఏర్పడుతుంది, సొన లేకుండానే. అది పనికిమాలినదీ కాదు, పిండానికి తొలి రక్తకణాలు అక్కడే తయారవుతాయి. సొనలో ఉండే ముఖ్యమైన ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులు కూడా మన కణాలలో విరిగిన శిథిలాలుగా మిగిలి ఉన్నాయని 2008లో వెలువడిన పరిశోధన చూపింది. ఎన్నో వేల స్కాన్ రిపోర్టులు చూసిన నేను ఆ రెండు మాటలను ఏనాడూ చరిత్రగా చదవలేదు. గుడ్డు పెట్టిన పూర్వీకుల సంతకం ప్రతి గర్భిణి రిపోర్టులోనూ ఉంది.

హైదరాబాద్‌లో ఈ చరిత్రను కళ్ళారా చూడదలచినవారు బిర్లా సైన్స్ మ్యూజియంకు వెళ్ళవచ్చు. అక్కడ నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం ప్రాణహిత-గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలతో కూర్చినది. ఆ జాతికి యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు 1988లో నామకరణం చేశాడు. జురాసిక్ యుగపు ఆ శాకాహారి డైనోసార్ కోడికి ముత్తాత కాదు, దూరపు దాయాది. పక్షులు వచ్చింది రెండు కాళ్ళపై నడిచే మాంసాహార డైనోసార్ల శాఖ నుంచి. అయినా దాయాదుల ఇంటి ఆచారాలు ఒకటే. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో, నర్మద లోయలో, 92 డైనోసార్ గూళ్ళు, 256 గుడ్లు గుర్తించినట్లు 2023లో ప్రకటించారు. అంతకు ముందు సంవత్సరం అదే ప్రాంతపు ఒక గుడ్డులో మరో గుడ్డు ఉన్నట్లు వెల్లడించారు. గుడ్డులో గుడ్డు కోళ్ళఫారాలలో అప్పుడప్పుడు కనిపించే వింతే. తయారైన గుడ్డు బయటికి రాకుండా వెనక్కి తోసుకుపోయి, దానిపై మరో పెంకు కట్టుకుంటుంది. అంతకు ముందు అది పక్షులలోనే తెలుసు. కోడి అనే పక్షి పుట్టడానికి ఆరున్నర కోట్ల ఏళ్ళకు పూర్వమే గుడ్డు ఉండటమే కాదు, గుడ్డుకు వచ్చే జబ్బు కూడా ఉంది.

2010లో పత్రికలన్నీ “కోడే ముందు, శాస్త్రజ్ఞులు తేల్చారు” అని రాసిన సంగతి కొందరికి గుర్తుండవచ్చు. ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. ఇంగ్లండులోని పరిశోధకులు కోడి పెంకులోని ఒక ప్రోటీన్ సున్నపు స్ఫటికాలను త్వరగా పేర్చడం ఎలా మొదలుపెడుతుందో కంప్యూటర్‌లో చూపారు. ఆ ప్రోటీన్ కోడి అండాశయమార్గంలో తయారవుతుంది కనుక కోడి లేనిదే గుడ్డు లేదని విలేఖరులు అల్లుకున్నారు. బాతు జాతి గుడ్లలోనూ, నిప్పుకోడి గుడ్లలోనూ దాని చుట్టాల వంటి ప్రోటీన్‌లున్నాయి. కోడి దాన్ని కనిపెట్టలేదు, వారసత్వంగా పొందింది.

మార్పు ఎక్కడ పుడుతుందన్నదే మొత్తం చిక్కుకు కీలకం. మన కోస్తా జిల్లాల పందెం పుంజులనే తీసుకోండి. అసీల్ జాతి పుంజును యజమాని బాదం, మాంసం పెట్టి మేపుతాడు, ఈత కొట్టిస్తాడు, కండలు తిప్పుతాడు. డేగ, కాకి, నెమలి, సేతువ అని ఈకల రంగును బట్టి పేర్లు పెట్టి, ఏ రంగు ఏ రోజున గెలుస్తుందో శాస్త్రం కూడా చెబుతాడు. (ఆ శాస్త్రంపై నాకు నమ్మకం లేదు గాని, రంగులను గుర్తుపట్టే ఆ కన్నుపై గౌరవముంది.) అయితే ఈతతో పెరిగిన కండ ఆ పుంజుతోనే పోతుంది, పిల్లలకు రాదు. పిల్లలకు వచ్చేది బీజకణాల్లో ముందే ఉన్నది మాత్రమే. జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు వైస్‌మన్ పందొమ్మిదవ శతాబ్దపు చివరలో స్పష్టంగా చెప్పిన మాట ఇది. కొత్త తేడా తొలుత గుడ్డులో పుడుతుంది, తరువాతనే కోడిగా కనిపిస్తుంది. యజమాని చేసేది ఆ తేడాను పుట్టించడం కాదు, నచ్చినదాన్ని ఉంచి మిగిలినవాటిని కూరకు పంపడం. కనుక “కోడిగుడ్డు” అంటే కోడి ఉన్న గుడ్డు అనుకుంటే, గుడ్డే ముందు. నేను తలెత్తకుండా చెప్పిన జవాబుకు ఆధారం ఇది.

అట్లా వెనక్కి పోతే తొలి జీవి సంగతేమిటని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు వెదికిన వారిలో ఒకరి దేహం మన కాకినాడకు చేరింది. 1929లో జీవం పుట్టుకపై ప్రసిద్ధ వ్యాసం రాసిన జె.బి.ఎస్. హాల్డేన్ తరువాత భారత పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసి ఇచ్చారు. ప్రోటీన్ లేనిదే డిఎన్‌ఏ నకలు కాదు, డిఎన్‌ఏ లేనిదే ప్రోటీన్ తయారు కాదు అన్న కణస్థాయి కోడి-గుడ్డు తగాదా ఆయన తరువాతి తరానిది. సమాచారాన్ని మోస్తూనే ఎంజైమ్ పని కూడా చేయగల ఆర్‌ఎన్‌ఏను కనుగొన్నందుకు ఆల్ట్‌మన్, చెక్‌లకు 1989లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆర్‌ఎన్‌ఏలో కోడీ గుడ్డూ ఒకటే.

ఇంతకూ ఆ కాపలాదారు రెండవ ప్రశ్న మిగిలి ఉంది. దానికి కూడా ఒక కోళ్ళ కథ ఉంది, అందులో ఒక తెలుగువాడున్నాడు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940 నుంచి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది, 1948లో వైద్యుల చేతికి వచ్చింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు మరణించారు. ఆ ఏడాది చివర, అదే సంస్థలో, థామస్ జూక్స్ అనే శాస్త్రజ్ఞుడు కోడిపిల్లల మేతలో విటమిన్ బి12 కోసం రకరకాల పదార్థాలు కలిపి తూకం వేస్తున్నాడు. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పి తిన్న పిల్లలు అన్నింటికన్నా బరువుగా తూగాయి. తొలుత అది విటమిన్ మహిమ అనుకున్నారు. కాదు, పిప్పిలో మిగిలిన యాంటీబయాటిక్‌దే ఆ పని అని జూక్స్, స్టోక్‌స్టాడ్ 1950లో ప్రకటించారు. జబ్బు లేని కోట్లాది కోళ్ళకు దశాబ్దాల తరబడి యాంటీబయాటిక్ మేపడం అక్కడ మొదలైంది. సుబ్బారావుకు ఇందులో పాత్ర లేదు. కాని ఆయన నడిపిన ప్రయోగశాల నుంచి ప్రాణాలు నిలిపే మందు, దాన్ని మొద్దుబార్చే అలవాటు, రెండూ కొద్ది నెలల తేడాతో బయటికి వచ్చాయి.

మొద్దుబారడం ఎలా జరుగుతుంది? మందు తగిలిన తరువాత సూక్ష్మజీవి దానికి అలవాటు పడుతుందా, లేక తట్టుకునేది ముందే ఉంటుందా? ఇదే మన పాత ప్రశ్న. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ దీనిని అందంగా తేల్చారు. నృత్య విందులో జూదపు యంత్రం ముందు నిలబడ్డ ఒక సహోద్యోగిని చూస్తుండగా లూరియాకు ఆలోచన తట్టిందట. వేరు వేరు గొట్టాల్లో బాక్టీరియాను పెంచి, ప్రతి గొట్టాన్నీ బాక్టీరియాను చంపే వైరస్ ఉన్న పళ్ళెంలో పోశారు. వైరస్ తగిలిన తరువాతే అవి అలవాటు పడుతున్నట్లయితే అన్ని గొట్టాల నుంచీ ఇంచుమించు ఒకే సంఖ్యలో బతకాలి. అలా జరగలేదు. చాలా గొట్టాల్లో ఒక్కటీ బతకలేదు, ఒకటి రెండింటిలో వందల కొద్దీ బతికాయి. ఆ గొట్టాల్లో తట్టుకునే బాక్టీరియా వైరస్‌ను చూడకముందే పుట్టి, పిల్లలు పెట్టి ఉన్నదన్న మాట. 1952లో లెడర్‌బర్గ్ దంపతులు మఖ్మల్ గుడ్డతో అచ్చులు తీసి, మందుల విషయంలోనూ అదే నిజమని చూపారు.

చరిత్ర కూడా అదే సాక్ష్యం చెబుతుంది. పెన్సిలిన్‌ను విరగగొట్టే ఎంజైమ్ బాక్టీరియాలో ఉన్నట్లు ఏబ్రహామ్, చెయిన్ 1940 డిసెంబరులో ప్రకటించారు. ఆక్స్‌ఫర్డ్‌లో తొలి రోగికి పెన్సిలిన్ చికిత్స మొదలైంది 1941 ఫిబ్రవరిలో. 2011లో కెనడా మంచు నేలలో ముప్పై వేల ఏళ్ళుగా గడ్డకట్టి ఉన్న మట్టి నుంచి తీసిన డిఎన్‌ఏలో టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే జన్యువు దొరికింది. మందులు మనకు కొత్త. మట్టిలోని సూక్ష్మజీవులకు అవి ఎంతో పాత కాలపు ఆయుధాలు, వాటికి కవచాలు కూడా అంతే పాతవి. గుడ్డు ముందు, కోడి తరువాత. కవచం ముందు, మన మందు తరువాత.

అందుకే “ఒళ్ళు మందుకు అలవాటు పడింది” అన్నది తప్పు. ఒళ్ళు అలవాటు పడలేదు, పుండులోని బాక్టీరియా కూడా అలవాటు పడలేదు. కోటిలో ఒకటిగా ఉన్న కవచధారిని మిగతా అన్నింటినీ చంపి మనమే రాజును చేశాము, పందెం యజమాని మంచి పుంజును ఉంచి మిగిలినవాటిని కూరకు పంపినట్లు. ఈ తేడా మాటల తేడా కాదు. ఒళ్ళు అలవాటు పడిందనుకునే రోగి ఇంకా ఘాటైన మందు అడుగుతాడు, లేదా కొన్నాళ్ళు ఆపి అదే మందును మళ్ళీ మొదలుపెడతాడు. బాక్టీరియాలో ఎంపిక జరిగిందని గ్రహించిన రోగి తన ఇంట్లో వారికీ, పక్కవారికీ కూడా ఆ బాక్టీరియా చేరవచ్చునని గ్రహిస్తాడు. పైగా కోడి తన ఈకను పొరుగు కోడికి అరువియ్యదు, బాక్టీరియా మాత్రం కవచపు జన్యువును వేరే జాతికి కూడా అందించగలదు.

ఫారం నుంచి మనిషికి ఎంత దూరం? అమెరికా వైద్యుడు స్టువర్ట్ లెవీ 1976లో ప్రచురించిన అధ్యయనం దీన్ని కొలిచింది. బోస్టన్ దగ్గరి ఒక ఫారంలో కొన్ని కోడిపిల్లలకు టెట్రాసైక్లిన్ కలిపిన మేత పెట్టారు. వారం లోపే వాటి పేగుల్లో తట్టుకునే బాక్టీరియా నిండిపోయింది. ఐదారు నెలలలో ఆ మందు ఎన్నడూ మింగని ఫారం కుటుంబ సభ్యుల మలంలోనూ అవి పెరిగాయి. ఐసీయూలో చివరి ఆయుధంగా మేము దాచుకునే కోలిస్టిన్‌ను తట్టుకునే సంచారి జన్యువు చైనాలో పందులలో, మాంసంలో, రోగులలో ఉన్నట్లు 2015లో బయటపడింది. బరువు పెంచడానికి కోళ్ళ మేతలోనూ వాడిన మందు అది. 2019 జూలైలో మన కేంద్ర ప్రభుత్వం ఆహార జంతువులకు కోలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. నా దృష్టిలో అది ఆలస్యంగా వచ్చిన మంచి నిర్ణయం.

కోడిమాంసం మానమని నేను చెప్పను, గుడ్డు అసలే మానవద్దు. పచ్చి మాంసం తాకిన చేతులు, కత్తి, పీట సబ్బుతో కడగండి, మాంసాన్ని కుళాయి కింద చిమ్మేట్లు కడగవద్దు, బాగా ఉడికించండి. జలుబుకు యాంటీబయాటిక్ అడగవద్దు.

పోయిన సంక్రాంతికి ఆ కాపలాదారును చూడటానికి వెళ్ళాను. కాలి పుండు ఎప్పుడో మానింది. చీమును కల్చర్ పరీక్షకు పంపి, పనిచేసే మందు ఏదో చూసి ఇచ్చిన ఘనత మరో వైద్యుడిది. షెడ్ల పని మానేసి ఇంటి దగ్గర నాలుగు నాటుకోళ్ళు పెంచుకుంటున్నాడు. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా రకం కూడా ఒకసారి తెచ్చి చూశాడట. బాగానే పెరిగాయి గాని, తనకు కావలసింది తనే పొదిగి పిల్లలను లేపే పెట్ట అన్నాడు. ఆయన కాపలా కాసిన షెడ్లలోని తెల్ల పెట్టలు ఏడాదికి మూడు వందల గుడ్లు పెట్టేవి, ఒక్కదాన్నీ పొదిగేవి కావు. పొదుగుకు కూర్చుంటే గుడ్లు ఆగిపోతాయి కనుక, కూర్చోని పెట్టలనే మనిషి తరతరాలుగా ఏరుకున్నాడు. పుంజు ముఖం చూడని ఆ గుడ్లలో పిల్ల కూడా ఉండదు. ప్లూటార్క్ విందులో ఎవరూ ఊహించని సంగతి ఇది: కోడి కాలేని గుడ్డు, గుడ్డును కోడి చేయలేని పెట్ట.

ఆయన రెండు ప్రశ్నలకూ బాకీపడ్డ జవాబులు వాకిట్లో కూర్చుని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఆకాశంలో విమానం ఒకటి దిగుతుంటే ఆ మోత తగ్గేదాకా ఆగి, “ఐతే ఆ పురుగుకు ఆ ఇద్దె ఎవరు నేర్పిండ్రు సారూ?” అన్నాడు.

“ఎవరూ నేర్పలేదు. కోటి పుడితే ఒకటి అట్లా పుడుతుంది.”

ఆయన కాసేపు ఆలోచించి, లేచి వెళ్ళి మూల బోర్లించిన గంపను కొంచెం ఎత్తి చూపాడు. లోపల ఒక నల్ల పెట్ట ఒళ్ళంతా ఉబ్బించి గుర్రుమంది. కింద పదకొండు గుడ్లున్నాయట, ఆనాటికి పంతొమ్మిదో దినం. “ఎల్లుండి ఫోన్ చేస్తా” అన్నాడు. చేశాడు. తొమ్మిది పిల్లలు లేచాయి.